తిరుపతి, చిత్తూరు గాలికి ఒక బాధ్యుడు కావాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

వరుసగా అయిదేళ్లు జాతీయ వాయు ప్రమాణాలను అందుకోలేకపోయిన నగరాల కోసం కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమాన్ని ప్రారంభించింది. మన రాష్ట్రం నుంచి అందులో 13 నగరాలు చేరాయి. వాటిలో చిత్తూరు ఉంది, తిరుపతి లేదు. రెండు ఊళ్ల మధ్య దూరం డెబ్బై కిలోమీటర్లు. ఒక ఊరికి ప్రణాళిక ఉంది, కొంత నిధి ఉంది, 2025–26 నాటికి గాలిలోని ధూళిని 40 శాతం వరకు తగ్గించాలన్న లక్ష్యం కూడా పెట్టారు. రెండో ఊరికీ, నడుమనున్న పూతలపట్టు, కాణిపాకం, పాకాల, చంద్రగిరి వంటి చోట్లకూ అవేవీ లేవు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కలెక్టర్లు వేరయ్యారు, కార్యాలయాలు వేరయ్యాయి, సమీక్షలు వేరయ్యాయి. గాలి మాత్రం ఎప్పటిలాగే నైరుతి కాలంలో చిత్తూరు వైపు నుంచి తిరుపతి వైపుకూ, ఈశాన్య కాలంలో తిరుపతి వైపు నుంచి చిత్తూరు వైపుకూ వీస్తూనే ఉంది.

ఈ రెండు జిల్లాల గాలిని ఒకటిగా చూసే ప్రాంతీయ వాయు నాణ్యతా సంస్థ ఉండాలన్నది నా అభిప్రాయం. అయితే సంస్థ అనగానే మనకు భవనం, బోర్డు, వాహనం, ప్రారంభోత్సవం గుర్తుకు వస్తాయి. అవన్నీ సమకూరినా, ఆ సంస్థను నడిపే మనిషి ఎవరు, అతని పని ఏమిటి, అతను ఎవరికి జవాబు చెప్పాలి అన్న సంగతులు ముందుగా తేలకపోతే ఇంకొక కార్యాలయం పెరగడం తప్ప మన ఊపిరికి ఒరిగేదేమీ ఉండదు. ఈ నమ్మకం నాకు పుస్తకాల వల్ల కలిగింది కాదు గనుక, ముందు నా అనుభవం కొంత చెప్పుకోవలసి ఉంది.

నేను భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఉద్యోగంలో ఉండగా పదకొండేళ్లపాటు మా కళాశాల మేడమీద గాలి శాంపిళ్లు తీసే పనిని అదనపు బాధ్యతగా చూశాను. జాతీయ నియమం ప్రకారం వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు, రోజుకు 24 గంటలు ఆ యంత్రం నడవాలి. ధూళి కోసం ఎనిమిది గంటలకొక ఫిల్టర్ కాగితాన్నీ, వాయువుల కోసం నాలుగు గంటలకొకసారి ద్రావణం నింపిన గాజు గొట్టాలనూ మార్చాలి. కాగితాన్ని యంత్రంలో పెట్టకముందు ఒక రోజంతా డెసికేటర్ అనే తేమ పీల్చే పాత్రలో ఉంచి, తేమ పోయాక తూచాలి. తీసిన తరువాత మళ్లీ అదే విధంగా ఆరబెట్టి తూచాలి. రెండు తూకాల తేడాను యంత్రం పీల్చిన గాలి పరిమాణంతో భాగిస్తే, ఘనపు మీటరు గాలిలో ఇన్ని మైక్రోగ్రాముల ధూళి ఉందని తేలుతుంది. రాత్రి రెండు గంటలకు టార్చిలైటు పట్టుకుని మేడ మెట్లెక్కి గొట్టాలు మార్చిన మా ల్యాబ్ అటెండరు శ్రద్ధను ఈ సందర్భంలో తలచుకోకుండా ఉండలేను.

తెల్లటి ఆ కాగితం కొన్ని రోజుల్లో లేత బూడిద రంగుకు తిరిగేది, కొన్ని రోజుల్లో మసి పూసినట్టు నల్లబడేది. కారణం తెలుసుకోవాలన్న ఆసక్తితో నా సొంత నోటుపుస్తకంలో ప్రతి అంకె పక్కనా ఆనాడు కంటికి కనిపించిన సంగతులు రాసిపెట్టుకునేవాణ్ని. ఎదురు రోడ్డును పైపుల కోసం తవ్వారని, తోతాపురి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు మైళ్ల పొడవున ఇంజన్లు ఆపకుండా నిలబడ్డాయని, భోగిమంటలో పాత టైర్లు వేశారని, చెత్తకుప్పకు నిప్పంటుకుని రెండు రోజులు పొగ చుట్టుకుందని రాసుకున్నాను. వాటిలో ఏది అసలు కారణమో తీర్పు చెప్పడానికి నా దగ్గర పరికరాలు లేవు. అంకెలను మాత్రం నెలనెలా కాలుష్య నియంత్రణ మండలి పై కార్యాలయానికి పంపాం. నెల నివేదిక ఆలస్యమైతే జాబు వచ్చేది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఫోన్ చేసి, ఫలానా మంగళవారం నాడు అంత ఎక్కువ ఎందుకు వచ్చిందని అడగలేదు.

అక్కడ పనిచేసేవారిని తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. మురుగునీళ్లు, ఆసుపత్రి వ్యర్థాలు, ప్రమాదకర రసాయనాలు, పరిశ్రమల అనుమతులు, కోర్టు కేసులు, తనిఖీలు అన్నీ ఉన్న కొద్దిమందే చూసుకోవలసిన స్థితి వారిది. దేశంలోని కాలుష్య నియంత్రణ మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన లెక్కలే చెబుతున్నాయి. అంకెను చూసి ఎందుకు అని అడగడమే తన ఉద్యోగంగా ఉన్న మనిషి మన ప్రాంతంలో ఎక్కడా లేడన్నదే నా బాధ. నేను కోరే అధిపతి మొట్టమొదట ఆ ప్రశ్న అడిగే మనిషి కావాలి.

గాలి కోసమే ప్రాంతీయ సంస్థలను నెలకొల్పడంలో అమెరికాలోని కాలిఫోర్నియా అందరికన్నా ముందు నడిచింది గనుక అక్కడి చరిత్ర మనకు పనికివస్తుంది. 1943 జూలైలో లాస్ ఏంజెలిస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్ముకుంది. జనం కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఒక కర్మాగారాన్ని అనుమానించారు; దాన్ని మూయించినా పొగ పోలేదు. 1947లో లాస్ ఏంజెలిస్ కౌంటీకి (కౌంటీ అంటే మన జిల్లా వంటిది) వాయు కాలుష్య నియంత్రణ సంస్థ ఏర్పడింది. అసలు సంగతిని 1950ల తొలినాళ్లలో బయటపెట్టినవాడు ఏరీ హాగెన్‌స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. అంతకుముందు ఆయన అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తుండేవాడు. పండు సువాసనలోని సూక్ష్మ పదార్థాలను పట్టి చూసిన ఆ నేర్పుతోనే నగరపు గాలిని పట్టి పరీక్షించి, వాహనాల పొగా చమురు ఆవిర్లూ ఎండలో మార్పు చెంది ఓజోన్ అనే హానికర వాయువు పుడుతోందని తేల్చాడు. 1957లో అక్కడి ఇళ్ల పెరళ్లలో చెత్త కాల్చే పొయ్యిలను నిషేధించారు. ప్రతి ఇంటి అలవాటునూ మార్చమనే ఆ ఉత్తర్వు జనాదరణ పొందేది కాదు. అయినా అమలు చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ ఉన్న కౌంటీలకు ఉమ్మడిగా 1955లోనే ఒక ప్రాంతీయ సంస్థ వచ్చింది. లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన పొగను సముద్రపు గాలి లోపలి కౌంటీల మీదికి తోస్తున్నదని తెలిశాక, 1970ల చివరిలో అక్కడ కూడా నాలుగు కౌంటీలకు కలిపి ఒకే సంస్థ ఏర్పడింది. దాని పాలకమండలిలో ఎక్కువమంది ఆయా కౌంటీల, నగరాల ప్రతినిధులే. ఆ మండలి ఒక కార్యనిర్వహణాధికారిని నియమించుకుంటుంది. గాలి గురించిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పవలసింది అతనే.

ఆ చరిత్రలోనే మరొక సంగతి కూడా ఉంది, అది నన్ను మరింత ఆలోచింపజేసింది. కాలిఫోర్నియా రాష్ట్ర వాయు వనరుల బోర్డుకు 1968లో హాగెన్‌స్మిట్ తొలి అధ్యక్షుడయ్యాడు. పాత కార్లకు కూడా కాలుష్య నియంత్రణ పరికరాలు బిగించాలన్న నిబంధనపై వివాదం నడుస్తున్న రోజుల్లో, 1973లో, గవర్నర్ రోనాల్డ్ రీగన్ ఆయనను తొలగించాడు. పొగ పుట్టుకను కనిపెట్టిన శాస్త్రజ్ఞునికే పదవి నిలవలేదంటే, మన దగ్గర ఏ రక్షణా లేని ఒక అధికారి క్రషర్ల యజమానులనో, రోడ్డు కాంట్రాక్టరునో, చివరకు ప్రభుత్వ శాఖనో ఎదిరించి ఎన్నాళ్లు నిలబడగలడు? బదిలీ ఉత్తర్వు భయం లేకుండా కనీసం మూడేళ్లు పనిచేసే హామీ, కారణం రాతపూర్వకంగా చెప్పకుండా తొలగించరాదన్న నియమం ఆ పదవికి ఉండి తీరాలి.

మన చట్టాల్లో ఈ ఆలోచన లేకపోలేదు. కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షుడు పర్యావరణ రక్షణ విషయాల్లో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో, లేదా అటువంటి సంస్థలను నడిపిన అనుభవమో ఉన్నవాడై ఉండాలని 1974 నాటి జల చట్టమే చెప్పింది. గాలి విషయంలో 1981 చట్టాన్ని అమలు చేసేదీ ఆ మండలే. ఆచరణలో ఆ పదవులు ఎలా భర్తీ అవుతూ వచ్చాయో చూసిన సుప్రీంకోర్టు, 2017 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో, అర్హులైన నిపుణులు వచ్చేలా ఆరు నెలల్లో నియామక నిబంధనలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. రాష్ట్రస్థాయి పదవికే అంత పట్టుబట్టవలసి వచ్చినప్పుడు, ప్రాంతీయ స్థాయిలో నియామకం ఎంత జాగ్రత్తగా జరగాలో చెప్పనక్కరలేదు. ఈ పదవి అలసిపోయిన ఉద్యోగికి విశ్రాంతి స్థానమూ కాకూడదు, ఎన్నికల్లో ఓడినవారికి ఓదార్పూ కాకూడదు.

అర్హులు దొరకరన్న మాట మన ప్రాంతం విషయంలో చెల్లదు. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలోనే గాదంకి ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడ ఉంది. ఎమ్మెస్టీ రాడార్‌తో ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తు వరకు గాలుల కదలికను, లైడార్ అనే లేజర్ పరికరంతో గాలిలో తేలే ధూళి పొరలను కొలిచే శాస్త్రజ్ఞులు ఆ కొండల మధ్య దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. 1954లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐసర్ అనే జాతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఉన్నాయి. కొలిచే కేంద్రాలు కూడా కొన్ని వచ్చాయి. తిరుపతిలో వైకుంఠపురం వద్ద, తిరుమల కొండమీద, చిత్తూరులో గంగినేని చెరువు వద్ద యంత్రాలు రేయింబవళ్లు గాలిని కొలుస్తున్నాయి. మా రోజుల్లో ఏడాదికి 104 రోజులకు దొరికిన అంకె ఇప్పుడు గంటగంటకూ దొరుకుతోంది. ఆ అంకెల పక్కన, నా నోటుపుస్తకంలో లాగా, ఆ గంటలో ఊరిలో ఏం జరిగిందో రాసేవారు మాత్రం ఇప్పటికీ లేరు.

రాయడం ఎందుకు అవసరమో ఒక ఉదాహరణతో మనవి చేస్తాను. చలికాలంలో రాత్రివేళ నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి పైగాలి కన్నా చల్లగా, బరువుగా ఉండిపోతుంది. పైనున్న వెచ్చని గాలి కుండమీది మూతలా పనిచేస్తుంది. కొండల అంచున, లోయల్లో ఉన్న మన ఊళ్లలో తెల్లవారుజామున కాల్చిన చెత్త పొగ, కట్టెల పొయ్యి పొగ, డీజిలు పొగ పైకి పోలేక, సూర్యుడు ఎక్కి నేల వేడెక్కేవరకు మనుషుల ముక్కుల ఎత్తులోనే తిరుగుతుంది. సరిగ్గా ఆ వేళకే పారిశుద్ధ్య కార్మికులు ఊడుస్తుంటారు, పాలవాళ్లు తిరుగుతుంటారు, పిల్లలు ట్యూషన్లకు వెళ్తుంటారు, భక్తులు అలిపిరి మెట్లెక్కుతుంటారు. ఇరవై నాలుగు గంటల సగటులో ఆ మూడు గంటల బాధ కనిపించకుండా పోతుంది. పైగా గాలి నాణ్యతా సూచీలో 51 నుంచి 100 వరకు వస్తే "సంతృప్తికరం" అని చూపుతారు. పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల దాకా ఉన్నా ఆ మాటే వస్తుంది. అది మన జాతీయ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నిర్ణయించిన రోజువారీ హద్దు 15. ఈ తేడాను ప్రజలకు తెలుగులో, భయపెట్టకుండా, దాచకుండా వివరించగలవాడే ఆ కుర్చీకి తగినవాడు.

ఇక ధూళి ఎక్కడినుంచి వస్తోందన్న విషయం. జాతీయ కార్యక్రమం నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము అణచడానికే వెచ్చించారని, పరిశ్రమల పొగకు ఒక్క శాతం కూడా ఖర్చు కాలేదని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే ఢిల్లీ పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. నీళ్లు చల్లే ట్యాంకరు, రోడ్డు ఊడ్చే యంత్రం కళ్లకు కనిపిస్తాయి గనుక వాటిని కొనడం సులభం. రోడ్డు దుమ్ములో ముతక రేణువులు ఎక్కువ. ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయే సన్నటి ధూళి ఎక్కువగా మండించినచోట పుడుతుంది. రేణిగుంట, గాజులమండ్యం, ఏర్పేడు, శ్రీకాళహస్తి వైపు పరిశ్రమలున్నాయి. ఈశాన్య గాలి వీచే నెలల్లో అవి తిరుపతికి గాలి వచ్చే వైపున ఉంటాయి. చిత్తూరు చుట్టూ గ్రానైట్ కోత, పాలిషింగ్ యూనిట్లు, క్రషర్లు, ఇటుక బట్టీలు, సీజనులో గుజ్జు ఫ్యాక్టరీల బాయిలర్లు ఉన్నాయి. బెంగళూరు, చెన్నైల మధ్య నడిచే లారీలు రాత్రింబవళ్లు మన జిల్లా మీదుగానే పోతాయి. సరిహద్దుకు అవతల తమిళనాడులో రాణిపేట, వేలూరు తోళ్ల పరిశ్రమల ప్రాంతం ఉంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వేలూరును తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది. ఇందులో ఎవరి వాటా ఎంతో రెండు జిల్లాలకూ కలిపి ఒక అధ్యయనం చేయించి, దాని ప్రకారం ఖర్చుపెట్టడమే కొత్త అధిపతి మొదటి ఏడాది పనిగా పెట్టుకోవాలి. ట్యాంకర్లకు టెండరు పిలవడం తరువాత చూసుకోవచ్చు.

ఈ పని ఒక శాఖతో జరిగేది కాదు. టిప్పరు మీద పట్టా కప్పించవలసింది రవాణా శాఖ, క్రషరుకు లీజు ఇచ్చేది గనుల శాఖ, చెత్త కాల్చకుండా చూడవలసింది నగరపాలక సంస్థ, రోడ్డు తవ్వేది ఇంకొకరు. మా వీధి చివర ఖాళీ స్థలంలో వారాల తరబడి ప్లాస్టిక్, పాత వైర్లు కాలుస్తుంటే నేను ఒక కార్యాలయానికి వెళ్లాను. అది తమ పరిధిలోది కాదని రెండో కార్యాలయానికి పంపారు. వారు చట్టం ప్రకారం ముందటి కార్యాలయమే చూడాలన్నారు. చెత్తను బహిరంగంగా కాలిస్తే అయిదు వేల రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే ఇరవై అయిదు వేల రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉంది, మంట ఉంది, రెండింటినీ కలిపే మనిషి లేడు. కలెక్టరు అధ్యక్షతన కమిటీలు ఉన్నాయి కదా అని కొందరంటారు. నూరు పనుల మధ్య కలెక్టరు గంటసేపు జరిపే సమీక్షకూ, పొద్దున లేస్తే గాలి తప్ప వేరే ధ్యాస లేని ఉద్యోగానికీ చాలా వ్యత్యాసం ఉంది.

కలిసి పనిచేస్తే ఏం సాధ్యమో తిరుమల దారిలోనే చూశాం. 2022 సెప్టెంబరులో ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ విద్యుత్ బస్సులు మొదలయ్యాయి. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిలు ఇంజను వదిలే నల్లటి పొగ ఆ బస్సుల మేరకు తగ్గింది. అదే దారిలో నడిచే జీపులు, ట్యాక్సీల విషయం, రైల్వేస్టేషన్ నుంచి అలిపిరి దాకా తిరిగే ఆటోల విషయం అలా ఎవరూ కూర్చుని మాట్లాడలేదు. దేవస్థానం, ఆర్టీసీ, ఆటో సంఘాలు, బ్యాంకులు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలంటే పిలిచేవాడొకడు ఉండాలి, అతని పిలుపును అందరూ మన్నించే హోదా అతనికి ఉండాలి.

అధిపతి కఠినుడై ఉండాలని కోరేవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. గ్రానైట్ యూనిట్‌లో రోజుకూలీకి రాయి కోసేవాడికి ఆ దుమ్ము వల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదమూ ఉంది, ఆ యూనిట్ మూతపడితే పొయ్యి వెలగని ప్రమాదమూ ఉంది. తడి కోత పెట్టించడం, క్రషరుకు రేకుల కప్పు, నీటి తుంపరలు, గాలికి అడ్డుగోడ కట్టించడం, వాటికి గడువిచ్చి, అప్పు దొరికేలా చూసి, గడువు దాటాక మాత్రమే కరెంటు తీయించడం మంచి పద్ధతి. అదే సమయంలో, ఎదుటివాడు పెద్దవాడైతే గడువు మీద గడువు ఇచ్చే అలవాటు ఉండకూడదు. జైలుశిక్షల బదులు పదివేల నుంచి పదిహేను లక్షల రూపాయల దాకా జరిమానాలు వేసే విధంగా వాయు చట్టాన్ని సవరించి, 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి తెచ్చారు. జరిమానా ఎంత అన్నది అధికారి విచక్షణకు వచ్చింది గనుక, ఎవరికి ఎంత, ఎందుకు వేశారో ప్రతి నెలా ప్రజల ముందు పెట్టవలసిన అవసరం ఇదివరకటి కన్నా పెరిగింది.

ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానికి 2021లో పార్లమెంటు చట్టం చేసి గాలి నాణ్యత కమిషన్‌ను ఏర్పాటు చేసింది. పూర్తికాలపు అధ్యక్షుడు, విస్తృతమైన అధికారాలు, అయిదు రాష్ట్ర ప్రభుత్వాల మీద ఆదేశాలు జారీ చేసే హక్కు అన్నీ ఇచ్చింది. అయినా ఆ అధికారాలను వాడవలసినంతగా వాడడం లేదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ కమిషన్‌ను నిలదీసింది. అందుకే అధికారాల పట్టిక కన్నా మనిషి ఎంపిక మీద, అతని పనిని బయటివారు ఏటా పరీక్షించే ఏర్పాటు మీద నేను ఎక్కువ పట్టుబడుతున్నాను.

మన ప్రాంతంలో ఇది మొదలుపెట్టడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. 1981 వాయు చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర మండలి తన అధికారాలను ఒక అధికారికి అప్పగించవచ్చు. 11వ సెక్షన్ ప్రకారం బయటి నిపుణులతో కమిటీ వేయవచ్చు. 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రెండు జిల్లాలనూ కలిపి ఒకే వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించవచ్చు. తిరుపతిలో ఇప్పుడున్న ప్రాంతీయ కార్యాలయానికి తోడుగా, గాలి పని ఒక్కటే చూసే అధిపతిని, అతని వెంట ఒక వాతావరణ శాస్త్రజ్ఞుడిని, ఒక వైద్యుడిని, ప్రయోగశాల సిబ్బందిని నియమించడానికి ఈ సెక్షన్లు సరిపోతాయి. ఎంపిక సంఘంలో గాదంకి ప్రయోగశాల నుంచి, విశ్వవిద్యాలయం నుంచి ఒక్కొక్కరు ఉండాలని, అభ్యర్థుల అర్హతలను ముందుగా పత్రికల్లో ప్రకటించాలని ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. రెండు జిల్లాల శాసనసభ్యులు, తిరుపతి, చిత్తూరు మేయర్లు ఈ విషయంలో తమ అభిప్రాయాన్ని బహిరంగంగా చెప్పాలని కూడా విన్నపం.

నా నోటుపుస్తకాలు పదకొండు ఉన్నాయి. ప్రతి పుటలో తేదీ, కాగితం తూకం, గాలి వీచిన దిక్కు, ఆనాడు ఊరిలో చూసిన సంగతులు ఉన్నాయి. కొన్నింటికి చెదలు పట్టడం మొదలైంది కనుక నిరుడు అన్నింటినీ ఫొటోలు తీయించి పెట్టాను. ఆ పదవిలోకి ఎవరు వచ్చినా, మొదటి వారంలోనే వారి కార్యాలయానికి వెళ్లి వాటిని అప్పగిస్తాను. ఏ అంకె గురించి అడిగినా గుర్తున్నంత మేరకు చెబుతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
చిత్తూరు.